నీలి తొట్టి సంసారం

మా ఇంట్లో సంపాదించేది మా ఆవిడ. ఆవిడ ఉద్యోగం పుణ్యమా అని టోక్యోలో కాపురం, ఆ కాపురంలో నేను. ఇమ్మిగ్రేషన్ కాగితాల్లో నేను ఆవిడ మీద ఆధారపడిన కుటుంబ సభ్యుణ్ణి. అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పని చేసుకోనిస్తారు. తీసుకున్నాను. నాచేత పని చేయించుకునే ధైర్యమున్న జపానీయుడు మాత్రం ఇంకా తారసపడలేదు. కాబట్టి పొద్దున ఆవిడ రైలెక్కింది మొదలు సాయంత్రం దిగేదాకా నిషి-కసాయ్‌లోని మా అపార్ట్‌మెంట్‌కి నేనే సర్వాధికారిని. చెత్తని మండేది, మండనిది, సీసాలు, డబ్బాలు అని విడదీసి, దేని రోజున దాన్ని బయట పెట్టడం నా శాఖ.

ఇంత తీరిక ఉన్న మగవాడు రెండే పనులు చేయగలడు. రాజకీయాలు మాట్లాడటం, కళ నేర్చుకోవడం. మొదటిదానికి వినేవాళ్ళు కావాలి.

ఊరి శివార్లలో నీలిమందు అద్దకం నేర్పే ఒక పెద్దావిడ దగ్గర చేరాను. డెబ్బై దాటిన మనిషి, గోళ్ళ సందుల్లో తరగని నీలం. అందరూ సెన్సే అంటున్నారు, నేనూ అన్నాను. మైనంతో బట్ట మీద బొమ్మ వేసి నీలి తొట్టిలో ముంచుతారు. మైనం ఉన్న చోట తెల్లగా ఉండిపోతుంది, లేని చోట నీలం పట్టుకుంటుంది. ఆ పద్ధతిని రోకెత్సు అంటారు. విన్నంతలో ఇంతే. ఆ సాయంత్రమే మా ఆవిడతో, "వచ్చే సంక్రాంతికి మీ వాళ్ళందరికీ నా చేత్తో అద్దిన దుప్పట్లే" అని ప్రకటించాను. మా ఇంట్లో నీలివార్తలు పుట్టడం ఆరోజే మొదలైంది.

మా ఆవిడ పుట్టిల్లు పెడన అన్న సంగతి ఇక్కడే చెప్పేయాలి. బందరు పక్కన, ఊరంతా కలంకారీ. అచ్చుల చప్పుడు, కరక్కాయ వాసన మధ్య పెరిగిన పిల్లని పెళ్ళాడి, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఒక అద్దకం షెడ్డులోకి తొంగి చూడని ఘనుణ్ణి నేను. అత్తారింటికి వెళ్తే అరుగు మీద కుర్చీ, కాఫీ, పేపరు. దారి పక్కన అద్దకం బట్టలు ఆరేసి ఉంటే కారు పోవడం ఎలాగని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

మీ ఆవిడది ఏ ఊరు అని సెన్సే అడిగితే, పెడన అంటే ఏం తెలుస్తుందిలే అని, మచిలీపట్నం పక్కన అన్నాను. ఆవిడ నోట మాట లేదు. లేచి వెళ్ళి అల్మారాలోంచి లావుపాటి బొమ్మల పుస్తకం మోసుకొచ్చింది. డచ్చి వాళ్ళు 1600ల మొదట్లో మచిలీపట్నంలో కొఠీ పెట్టుకుని మన తీరం అద్దకాల్ని ఓడలకెత్తారు. నాగసాకి రేవులో దిగిన ఆ గుడ్డలకి ఇక్కడ సరస అని పేరు. అరచేయంత పీలిక దొరికినా టీ వేడుకలు జరిపే పెద్దలు దాన్ని సంచీగా కుట్టించి, టీ పొడి భరిణని అందులో దాచుకునేవారట. ఆ పుస్తకంలో ఒక నీలం పువ్వు మీద వేలు పెట్టి సెన్సే అడిగింది: పాత కాలంలో మీ వాళ్ళు నీలం కావలసిన చోటు వదిలి మిగతా బట్టంతా మైనంతో కప్పేసి తొట్టిలో దింపేవారు కదా, ఇప్పుడెలా చేస్తున్నారు?

నేను అరుగు మీద పేపరు చదువుకునేవాణ్ణి అని జపనీస్‌లో చెప్పడం నాకు రాదు. "చాలా బాగా చేస్తున్నారు" అన్నాను.

దాంతో నాకు లేనిపోని గౌరవం వచ్చిపడింది. తక్కిన శిష్యులు చేతిరుమాలుతో మొదలుపెడితే నాకు గజం బట్ట ఇచ్చింది. పైపెచ్చు చరిత్ర. 756లో కోమ్యో మహారాణి, చనిపోయిన తన భర్త షోము చక్రవర్తి వస్తువుల్ని నారాలోని తోదైజీ గుడికి సమర్పించింది. వాటిని దాచిన షోసోయిన్ అనే కొయ్య భాండాగారపు నిధుల్లో మైనం అద్దకం తెరలున్నాయి. ఒకదాని మీద చెట్టు కింద ఏనుగు, ఇంకోదాని మీద చెట్టు కింద పొట్టేలు. తర్వాత తర్వాత మైనం కరువై విద్య అడుగంటిపోయింది. జనం బియ్యప్పిండి జిగురుతో సరిపెట్టుకున్నారు. మళ్ళీ 20వ శతాబ్దం మొదట్లో క్యోటో వాళ్ళు దాన్ని లేవనెత్తారు. అన్ని వందల ఏళ్ళ కిందట ఎవరో ఏనుగు వేయగా లేనిది, నేను నెమలి వేయలేనా అనిపించింది. ఏనుగు ఎక్కువ కదలదు, నెమలికి ఈకలుంటాయి అన్న తేడా అప్పటికి తట్టలేదు.

మైనం గురించి చెప్పాలంటే, అది మనిషి తొందరని గానీ తాత్సారాన్ని గానీ క్షమించే రకం కాదు. వేడి చాలకపోతే బట్ట మీదే తెల్లగా పేరుకుని కూర్చుంటుంది. కిందనుంచి రంగు దర్జాగా పాకేస్తుంది. సరైన వేడి మీద ఉంటే బట్టలోకి దిగి, అక్కడ తడిసినట్టు కనిపిస్తుంది. మరీ కాగితే పొగ, ఆ తర్వాత మంట. కుంచె ముంచిన క్షణం నుంచే చల్లారడం మొదలు. సెన్సే ఒక్క ఊపులో గీత గీసి కుంచె ఎత్తేస్తుంది. నేను కుంచె ముంచి, నెమలి మెడ ఎటు వంపు తిరగాలా అని ఆలోచించే లోపల కుంచె కొన నుంచి ఒక చుక్క రాలుతుంది. రాలిన చుక్క తుడిస్తే పోదు, గీకినా పోదు. రంగులోంచి బట్ట బయటికొచ్చాక తెల్లటి మచ్చై నిలబడుతుంది. రాలిన చుక్కని తిట్టకూడదు, దాని చుట్టూ బొమ్మని సర్దుకోవాలి అంటుంది సెన్సే. నేను సర్దుతూ పోయాను. మొదటి గంటలో అది నెమలి. రెండో గంటలో వానలో నెమలి. ఆ తర్వాత వాన ఒక్కటే మిగిలింది.

అయినా నన్ను పట్టేసుకున్నది మైనం కాదు, తొట్టి. బట్టని తొట్టిలోంచి తీసినప్పుడు అది నీలంగా ఉండదు. పసుపు కలిసిన ఆకుపచ్చ. గాలి తగులుతుంటే కళ్ళ ముందే ఆ పచ్చ విరిగి నీలం తేలుతుంది. నీలిమందు మామూలుగా నీళ్ళలో కరగదు. తొట్టిలో బతికే సూక్ష్మజీవులు దాని రూపం మార్చి, క్షారపు నీళ్ళలో కరిగేటట్టు చేస్తాయి. కరిగిన ఆ రూపంలోనే అది నూలులోకి దూరుతుంది. బయటికొచ్చి గాలి పీల్చాక మళ్ళీ నీలమై, నూలుని వదలకుండా లోపలే ఉండిపోతుంది. తొట్టి గోరువెచ్చన దాటదు కాబట్టే మైనం బతికి బట్టకడుతుంది. మరిగే రంగుల్లో ముంచితే మైనం కరిగి పైకి తేలుతుంది. ఇదంతా చూశాక నాకు సొంత తొట్టి లేకపోతే బతుకు లేదనిపించింది.

ఆ తొట్టికి మూలధాతువు సుకుమో. షికోకు దీవిలోని తొకుషిమా దాని పుట్టిల్లు. మన నీలిమొక్క కాదు, వేరే మొక్క ఆకు. యోషినో నది వరద తెచ్చిన ఒండ్రులో పెంచి, తుఫాన్ల కాలానికి ముందే కోస్తారు. ఎండబెట్టిన ఆకుని సెప్టెంబరులో గుట్టపోసి, నీళ్ళు చల్లి, కొన్ని రోజులకొకసారి తిరగేస్తూ, సుమారు వంద రోజులు మాగబెడతారు. గుట్టలో వేడి 70 డిగ్రీల దాకా పోతుంది, ఘాటుకి కళ్ళు మండుతాయి. చలి తగలకుండా పైన గడ్డి చాపలు కప్పుతారు. వాటికి ఫుతోన్ అనే పేరు, అంటే మనుషులు పడుకునే పరుపూ దుప్పటీ. యుద్ధకాలంలో తిండి పంటలు తప్ప వేరేవి వేయొద్దని ఆంక్ష పెడితే, ఈ వృత్తి కుటుంబం ఒకటి కొండల్లో చాటుగా కాసిని మొక్కలు పెంచి విత్తనం పోకుండా కాపాడింది. అంత కష్టం మీద బతికిన విత్తనం ఆఖరికి వచ్చి చేరిన చోటు మా బాత్రూము.

బాత్రూమే ఎందుకంటే తొట్టికి వెచ్చదనం కావాలి. స్నానాల తొట్టిలో వేన్నీళ్ళు పట్టి, అందులో నీలి బకెట్టు దింపి మూత పెట్టాను. రాత్రి ఆఫీసు నుంచి వచ్చి అదే తొట్టిలో మెడదాకా మునిగి కూర్చోవడం మా ఆవిడకి జపాన్ ఇచ్చిన ఒకే ఒక్క సుఖం.

"ఏవండీ, నేనెక్కడ స్నానం చెయ్యాలి?"

"వీధి చివర పబ్లిక్ బాత్ ఉందిగా. సంస్కృతి కూడా తెలుస్తుంది."

ఆవిడ తువ్వాలు భుజానేసుకుని వెళ్ళింది. వెళ్ళేటప్పుడు తలుపు వేసిన చప్పుడులో నాకు సంస్కృతి తెలిసింది.

బకెట్టుకి ఆహారం కావాలి. సుకుమోని తడిపి కలపడానికి బూడిద తేట, అదీ గట్టి కట్టె బూడిద. టోక్యోలో కట్టెల పొయ్యి ఎవరింట్లో ఉంది? స్టేషను దగ్గర కట్టెల మీద పిజ్జా కాల్చే హోటలు ఉంటే, రాత్రి మూసేవేళ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆకలితో ఉన్నాననుకుని వాళ్ళు ముందు పిజ్జా ముక్క ఇచ్చారు. బూడిద కావాలని నాకొచ్చిన జపనీస్‌లో విన్నవించుకున్నాక ఆ ముక్క ఇచ్చినందుకు ఇంకా సంతోషించారు. అటుపైన సున్నం. అటుపైన గోధుమ తవుడు ఉడికించిన జావ. అటుపైన సాకే, బియ్యం సారా. సూక్ష్మజీవులకి హుషారు కోసం దాన్ని కాస్త పోస్తారు. సీసా కొనుక్కొచ్చాను. బకెట్టు తాగింది కొంచెమే, సీసా మాత్రం వారాంతానికి ఖాళీ. దాని మీద మా ఇంట్లో విచారణ జరిగింది, తీర్పు ఇప్పటికీ రిజర్వులో ఉంది.

వీడియో కాల్‌లో మా అత్తగారికి గర్వంగా మూత తీసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తేరిపార చూసి, "కుడితి బాగా కలిపారండీ అల్లుడుగారూ. గేదె ఎక్కడుంది?" అన్నారు.

నీలి అద్దకం వాళ్ళు కొలిచే దేవుడు ఐజెన్ మ్యోఓ. సంస్కృతంలో రాగరాజు. ఆయన పటం ఒకటి ప్రింటు తీసి గీజరు స్విచ్చి పైన అంటించాను. ఎర్రటి ఒళ్ళు, మూడు కళ్ళు, ఆరు చేతులు, తల మీద సింహం. మా అత్తగారు ఫోనులోంచే లెంపలేసుకుని, "ఉగ్ర నరసింహస్వామిని బాత్రూములో పెట్టారేంటండీ, అపచారం!" అన్నారు. బౌద్ధ దేవుడని నచ్చజెప్పబోయాను. ఏ దేవుడైనా బాత్రూములో ఏంటి అన్నారు. ఆయన్ని హాల్లోకి మార్చాను. తొట్టి పులియకపోవడానికి కారణం అదేనని కొన్నాళ్ళు నమ్మాను.

అవును, పులియలేదు. సాధారణంగా వారం పది రోజుల్లో తొట్టి మధ్యన నురుగు లేస్తుంది. నీలంగా, కాస్త ఊదాగా. దాన్ని నీలి పువ్వు అంటారు. పైన రాగి మెరుపు తెట్టు కడుతుంది. పువ్వు విచ్చుకుంటే తొట్టి సిద్ధమైనట్టు. నేను పొద్దున లేవగానే మూత తీసి చూసేవాణ్ణి, మధ్యాహ్నం చూసేవాణ్ణి, అర్ధరాత్రి ఫోను లైటు వేసి చూసేవాణ్ణి. పుల్ల పెట్టి కలిపేవాణ్ణి. రంగు కాగితం ముంచి పీహెచ్ చూసేవాణ్ణి. 10, 11 మధ్య ఉండాలి. తొట్టికి థర్మామీటరు పెట్టడం చూసి మా ఆవిడ, "మన పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు ఎంత ఉందని మీరు ఒక్కసారైనా అడిగారా?" అంది. జవాబు లేని ప్రశ్నలు రాత్రిపూట అడగడం ఆవిడకి అలవాటు. చలి ముదిరాక, సోఫా మీద ఆవిడ కాళ్ళకి కప్పుకునే కరెంటు దుప్పటి కనపడకుండా పోయింది. అది ఎవరిని కప్పుకుని ఉందో వేరే చెప్పాలా?

పువ్వు రాలేదు గానీ వాసన వచ్చింది. బాత్రూము ఫ్యాను దాన్ని నిష్పక్షపాతంగా అన్ని అంతస్తులకీ పంచింది. మర్నాడు ప్రతి ఇంటి పోస్టు డబ్బాలో నిర్వాహకుల చీటీ. అనువాదం యాప్ పెట్టి చదివితే, ఎంతో మర్యాదగా, ఎవరింట్లోనైనా ఏదైనా ప్రాణి మరణించి ఉంటే దయచేసి గమనించగలరని వేడుకోలు. అందరితోపాటు నేనూ లిఫ్టులో ముక్కు మూసుకుని, పై అంతస్తు వైపు అనుమానంగా చూశాను.

మొర పెట్టుకుంటే సెన్సే ఒక సామెత చెప్పింది. నీలి అద్దకం వాడి ఎల్లుండి. పాతకాలంలో బట్ట ఎప్పుడిస్తావంటే అద్దకం వాడు ఎల్లుండి అనేవాడట. వాన పడితే ఆరదు, చలేస్తే తొట్టి లేవదు. వెళ్ళి అడిగితే మళ్ళీ ఎల్లుండే. వాళ్ళ మీదే ఇంకో సామెత: ఊరందరికీ నీలం అద్దేవాడు తను తెల్ల లాగు తొడుక్కుంటాడని. నాకు తీరిక లేక కాదు, రాక తెల్లగా ఉన్నాయి నా బట్టలు. చేతులు మాత్రం నీలం. రబ్బరు తొడుగులు వేసుకోమంది సెన్సే. కళాకారుడికి తొడుగులేంటని నేను వేసుకోలేదు. మా ఆవిడ ఆఫీసు విందులో ఆవిడ బాసుకి నమస్కారం పెడితే ఆయన నా గోళ్ళు చూసి, గుండె జబ్బు గురించి ఆమెని మెల్లిగా పరామర్శించాడు. అదేం లేదండీ, హాబీ అని ఆవిడ చెప్పింది. ఆయన మొహంలో జాలి ఇంకొంచెం పెరిగింది.

ఎట్టకేలకి తొట్టిలో నురుగు లేచింది. పువ్వు అనడానికి నా మనసు ఒప్పుకుంది, సెన్సేకి ఫోటో పంపితే ఆవిడ వాతావరణం గురించి మాట్లాడింది. ఆగలేక ఇంట్లోనే మైనం పెట్టాను. తేనెమైనం పట్టు ఇస్తుంది, పారఫిన్ పెళుసు. రెండూ కలిపి మా దోసెల పెనం పక్కనున్న చిన్న కరెంటు మూకుట్లో కరిగించాను. పెళుసు మైనం విరిగితే ఆ సందుల్లోకి నీలం దిగి సన్నటి నరాలు పడతాయి. ఆ పగుళ్ళే ఈ అద్దకానికి అందం. చల్లబడితే బాగా పగులుతుందని బట్టని ఫ్రీజరులో, మునక్కాడ ముక్కల పొట్లం పైన పెట్టాను. ఆ తర్వాత తొట్టిలో ముంచి తీసి, గాలికి ఆరవిడిచి, మళ్ళీ ముంచి. ఎన్ని ముంపులైతే అంత ముదురు రంగు. తొలి ముంపుల లేత రంగుకి జపాన్‌లో పేరుంది, కామెనొజోకి. తొట్టిలోకి తొంగి చూసి వెళ్ళిపోయిన రంగన్నమాట. నా ఓపికకి ఆ రంగే సరిపోయింది. "ఉజాలా ఎక్కువైందా?" అని అడిగింది మా ఆవిడ.

మైనం వదిలించడానికి పాత పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ చేయాలి. చేశాను. ఇస్త్రీపెట్టె తుడవడం గుర్తులేదు. మర్నాడు మా ఆవిడ మీటింగు చొక్కా మీద మైనం మరక. ఆ మరక మీద నీలం పోసినా అంటదని, శాస్త్రీయంగా అది చాలా మంచి మైనమని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే రైలు కోసం పరుగెత్తుతోంది.

ఇప్పుడు అసలు నేరం. సంక్రాంతి దగ్గర పడింది. దుప్పట్ల సంఖ్య దిగి దిగి ఒక చేతి గుడ్డ దగ్గర ఆగింది, అదీ అత్తగారికి. నా నెమలి చూడదగ్గట్టు లేదు. సుకుమో మాగబెట్టే కొట్టాలు చూసొస్తానని తొకుషిమా బస్సెక్కిన వాణ్ణి, తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఒక దుకాణంలో నెమలి గుడ్డ కొన్నాను. ముదురు నీలం, తెల్లటి పక్షి, ఒళ్ళంతా సన్నటి పగుళ్ళు. ధర చూసి ఎంత చవక అనుకున్నానే గానీ ఎందుకు చవక అనుకోలేదు. చీటీ చింపి, నా చేత్తో చేసిందని రాసి పెడన పంపించాను.

అత్తగారు వీడియోలోకి వచ్చారు. గుడ్డ ఒళ్ళో ఉంది.

"చాలా కష్టపడ్డారండీ అల్లుడుగారూ. పెద్ద విద్యే పట్టారు."

"ఏదో లెండి, మీ అభిమానం."

"ఈ మూల పగులూ ఆ మూల పగులూ అచ్చు గుద్దినట్టు ఒకటే ఉన్నాయేంటండీ?"

నేను నెట్‌వర్కు సరిగా లేనట్టు కదలకుండా ఉండిపోయాను.

"మైనం ఒకచోట విరిగినట్టు ఇంకోచోట విరగదు కదండీ. మా తాతగారి రోజుల్లో మైనం పెట్టేవాళ్ళు, చెప్పేవారు. పోనీ అది మీ హస్తవాసి అనుకుందాం." గుడ్డ వెనక్కి తిప్పారు. "వెనకంతా తెల్లగా ఉంది. తొట్టిలో ముంచిన బట్టకి ముందూ వెనకా ఉండదు కదా. మీరు ఒక పక్కే ముంచారా?"

నా వెనక సోఫాలోంచి వినపడిన నవ్వు పదేళ్ళ కాపురంలో నేనెప్పుడూ విననిది. మిషను మీద అచ్చేసిన నకిలీని అసలనుకుని కొని, దాన్ని నాదని చెప్పి, అద్దకం ఊళ్ళో పుట్టిన మనిషికి పంపాను. దొంగసొత్తు కూడా మంచిది ఏరుకోవడం చేతకాలేదు.

"మీరు చేసింది లేదా అండీ?" అన్నారు ఆవిడ, గొంతు తగ్గించి. అడగడంలో ఎగతాళి లేదు, అదే ఇబ్బంది.

అటకమీదున్న ఉజాలా రంగు గుడ్డని పంపించాను. ఈసారి చీటీ కూడా పెట్టలేదు. అది అందిన రోజు ఆవిడ చాలాసేపు చూశారట, వెలుతురుకి పెట్టి, వేళ్ళతో తడిమి. ఆ పైన ఫోను.

"పనసకాయ బాగా కుదిరిందండీ. ముళ్ళు కూడా తెలుస్తున్నాయి."

ముళ్ళన్నీ రాలిపడిన మైనం చుక్కలు. నెమలి అని చెప్పలేదు.

"పగుళ్ళు ఏ రెండూ ఒక్కలా లేవు. వెనకా ముందూ ఒకటే రంగు. రెండుసార్లు ఉతికాను, దిగలేదు. ఆవకాయ జాడీకి వాసెన కట్టానండీ."

మా ఇంట్లో ఆవకాయ జాడీ హోదా తెలిసినవాణ్ణి కనక కాసేపు మాట రాలేదు. మా ఆవిడ తాళికీ నాకూ కలిపి ఇవ్వని మర్యాద దానికిస్తారు.

"మాగాయ జాడీకీ, గోంగూర జాడీకీ పాత గుడ్డలే ఉన్నాయి. ఇంకో రెండు చేసిపెడతారా? కాస్త రంగు ముదురుగా. ఎప్పటికి పంపుతారు?"

బాత్రూము వైపు చూశాను. తొట్టి మళ్ళీ పడుకుంది. నురుగు లేదు, తవుడు అయిపోయింది, సాకే సీసా సంగతి సరేసరి. కరెంటు దుప్పటి మా ఆవిడ లాక్కుని తన కాళ్ళకి కప్పేసుకుంది.

"ఎల్లుండి అత్తయ్యగారూ" అన్నాను.